ఉన్నది, గని ఇయ్యాల గాదు

మా ఇంటి ముందు గదిలో గోడకు ఒక నల్లబోర్డు ఉంది. ఊరి బడికి కొత్త బోర్డులు వచ్చినప్పుడు పాతవి పారేస్తుంటే నా భార్య ఒకటి అడిగి తెచ్చుకుంది. కింది మూల పెచ్చు లేచిపోయింది. ఆ మూల వదిలేసి రాసేది. ఆమె పోయిన రోజున దాని మీద ఒక ఇంగ్లీషు మాట ఉంది: పుట్ ఆఫ్.

ఇందులో సంకేతం ఏమీ లేదు. ఆమెకు ఒక వరుస ఉండేది, ఆ గురువారం వంతు ఆ మాటది. అంతకు ముందు వారం 'లుక్ ఫర్', దానికి ముందు 'గెట్ అప్'. ఇంకో వారం బతికి ఉంటే బోర్డు మీద వేరే మాట ఉండేది. నేను తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైన మనిషిని. చావు జరిగిన ఇంట్లో ఆగిపోయిన గడియారానికీ, వాడిపోయిన మొక్కకూ అర్థాలు అంటగట్టే రాతలు చాలానే చదివాను. అవి చదివినప్పుడల్లా నాకు గడియారం గురించే అనుమానం వచ్చేది, అది అంతకు ముందు నుంచే ఆగి ఉందేమో అని. అందుకని జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది ఆలేరు దగ్గర నేతవాళ్ల వాడ. ఇక్కత్ పట్టు చీరలు నేస్తారు. మా నాయన కూడా నేసినవాడే. నేను చదువుకుని మగ్గం వదిలాను కానీ వాడ వదల్లేదు. నా భార్య హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. మాకు పిల్లలు లేరు. ఆమె రిటైరయ్యే నాటికి వాడలో ఒక మార్పు వచ్చింది. చీర మగ్గం దిగగానే సేటుకు అప్పజెప్పి, ఆయన చెప్పిన ధర తీసుకునే చోట, కొందరు ఫోనులో ఫొటోలు పెట్టి తామే అమ్ముకోవడం మొదలుపెట్టారు. కొనేవాళ్లు ఎక్కడో బెంగుళూరులో, ముంబైలో ఉంటారు. వాళ్లకు తెలుగు రాదు. మగ్గం మీద కూర్చున్న మగవాళ్లకు ఫోను పట్టుకునే తీరిక ఉండదు కాబట్టి మాట్లాడే పని ఇంటి ఆడవాళ్ల మీద పడింది. వాళ్లు ఒక్కొక్కరే వచ్చి, "టీచరత్తా, జర నాలుగు ముక్కలు చెప్పు" అని అడిగారు. అలా గురువారం క్లాసు మొదలైంది.

ఆమె వ్యాకరణం చెప్పేది కాదు. ప్రతివారం ఒక మాట. ఇంగ్లీషు వాళ్లు ఇంట్లో, బజారులో రెండు చిన్న మాటలు కలిపి వాడేవి, అవి తెలిస్తే సగం సంభాషణ అర్థమవుతుందనేది ఆమె నమ్మకం. మాట బోర్డు నడుమ రాసి, మొదట ఎడమ వైపు మన వాడలో దాన్ని ఏమేమంటారో అన్నీ రాయించేది. ఆ తర్వాతే కుడి వైపు ఇంగ్లీషులో దానికి సాటి మాటలు. నేను లోపలి గదిలో పుస్తకం పట్టుకుని కూర్చునేవాణ్ణి. చదివింది తక్కువ, విన్నది ఎక్కువ.

ఆ చివరి క్లాసు కూడా విన్నాను.

"పుట్టాఫ్ అంటే చెయ్యాల్సిన పనిని ఎనుకకు జరుపుడు. మన దిక్కు ఏమంటరు?"

"వాయిదా ఏసుడు."

"రేపు మాపు అనుడు."

"మా ఆయన అయితే 'సూద్దాం తియ్' అంటడు టీచరత్తా. గదీ రాయి."

అందరూ నవ్వారు. ఆమె అది కూడా రాసింది. కుడి వైపు పోస్ట్‌పోన్, డిలే, డిఫర్ అని రాసి, మూడోది కోర్టు కాగితాల మాట, మనకు అంత అవసరం లేదని చెప్పింది. ఫ్యాను పుట్టాఫ్ చెయ్యి అంటరు గద అని ఎవరో అడిగితే, "అంటరు. మనం కూడ అందాం. ఫ్యాన్ ఆగితే అయిపాయె" అంది.

ఎదురింటి కోడలు మాత్రం ఒక మెలిక దగ్గర ఆగింది. "అయితే క్యాన్సిల్ అన్నా గిదే గద అత్తా?"

"కాదు బిడ్డా. క్యాన్సిల్ అంటే కాలాఫ్. కాలాఫ్ అంటే లేదు పో అన్నట్టు. పుట్టాఫ్ అంటే ఉన్నది, గని ఇయ్యాల గాదు."

ఆ క్లాసుకు ఒక నియమం ఉండేది. వచ్చే గురువారానికి ఒక్కొక్కరు తమ ఇంట్లో జరిగిన విషయం మీద, ఆ మాటతో ఒక వాక్యం చెప్పాలి. అందరూ చెప్పేదాకా బోర్డు తుడవకూడదు. నన్ను కూడా లెక్కలో వేసేది. నేను ఎప్పుడూ చెప్పలేదు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, నోటితో పలకాలంటే సిగ్గు. "ఆయనది బాకీ" అనేసి ఆమే తుడిచేది.

శనివారం పొద్దున ఆమె గుండె ఆగింది. దవాఖానకు తీసుకుపోయాం. అక్కడ చేయడానికి ఏమీ లేదని చెప్పారు.

వాడలో సగం ఇళ్లు మాకు పాలోళ్లవి, అంటే ఒకే వంశపు వాళ్లవి. పాలివారింట్లో చావు జరిగితే దినాలు అయ్యేదాకా వాళ్లకూ మైల. మా నేతవాళ్లలో ఆ రోజుల్లో మగ్గం ఆడదు. రెండు వైపులా మగ్గాల చప్పుడు వినిపించే వాడ అది. ఒక్కసారిగా పిట్టల చప్పుడు, దూరంగా కాజీపేట వైపు పోయే రైళ్ల చప్పుడు వినిపించడం మొదలైంది. ఆ మౌనం ఆమె కోసమేనని నాకు తెలుసు. దానివల్ల ఎవరికి ఏం నష్టం జరుగుతోందో అప్పుడు తట్టలేదు.

దినాలు అయ్యాయి. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. నాకు ఒక్కటే మిగిలింది. నిద్ర.

మా దిక్కు భార్య పోయినా భర్త పోయినా, దినాలయ్యాక ఆ మిగిలిన మనిషిని దగ్గరి చుట్టాలు తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెడతారు. దాన్నే నిద్ర చేయడం అంటారు. అది అయ్యేదాకా ఆ మనిషి ఇంకొకరి గడప తొక్కకూడదు. నన్ను తీసుకుపోవాల్సింది మా బామ్మర్ది. వాళ్లది కృష్ణా నది దగ్గరి ఆత్మకూర్. బట్టల దుకాణం ఉంది. అతను ఫోన్ల మీద ఫోన్లు చేశాడు.

"బావా, కారు తీస్కొని రావాల్నా?"

"వద్దు. నేనే వస్త."

"ఎప్పుడొస్తవ్?"

"జర తబియత్ మంచిగ లేదు. వచ్చే వారం చూద్దాం."

ఆ వచ్చే వారం కూడా అదే చెప్పాను. ఒంట్లో బాగానే ఉంది. ఆచారాల మీద నాకు పట్టింపు లేదని, అందుకే పోవట్లేదని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. పట్టింపు లేనివాడు దినాల పనులన్నీ అంత జాగ్రత్తగా చేయడు. నిద్ర చేసి వస్తే ఆమె కోసం చేయాల్సిన పనుల్లో ఇంకేదీ మిగలదు. ఆ ఒక్కటీ మిగుల్చుకుని కూర్చున్నాను. బోర్డు కూడా అలాగే ఉంచాను.

ఆ రోజుల్లో నేను అరుగు మీదే ఎక్కువగా కూర్చునేవాణ్ణి. ఎదురుగా సిమెంటు బాట, బాటకు అటు పక్క ఎదురింటి అరుగు. ఆ ఇంటి పెద్దామె రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ ఉంటుంది. పాలోళ్లలో వరుసకు వదిన, నన్ను తమ్మీ అనే పిలుస్తుంది. ఆమె కొడుకు లోపల మగ్గం మీద ఉంటాడు. ఒక మధ్యాహ్నం కోడలు ఫోను చేతిలో పట్టుకుని బాట దాకా వచ్చి ఆగింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మామా, ఒక మాట."

ఆమెకు వచ్చిన కష్టం ఇది. బెంగుళూరు నుంచి ఒకామె తన నిశ్చితార్థానికని చీర చెప్పింది. ఆ ఇంటికి ఫోను మీద వచ్చిన మొదటి పెద్ద బేరం అదే. పోగుకు రంగులు అద్దడం నుంచి అంతా ఆమె కోరినట్టే మొదలుపెట్టారు. నేత సగంలో ఉండగా మా ఇంట్లో చావు జరిగింది, మగ్గం ఆగింది. ఆ మధ్యలో బెంగుళూరామె ఫోను చేసి, చెప్పిన తారీఖుకు చీర వస్తుంది కదా అని అడిగింది. ఎదురింట్లో ఏడుపులు, చేతిలో ఇంగ్లీషు మాట్లాడే ఫోను. ఈ పిల్ల కంగారులో "ఓకే మేడమ్, ఓకే మేడమ్" అనేసింది. ఇప్పుడు ఎంత గబగబా నేసినా ఆ తారీఖుకు చీర దిగదు.

"మెసేజ్ పెట్టకపోయినవా?" అన్నాను.

"పెట్టిన మామా. లేట్ అయితది అని పెట్టిన. ఆదివారం నాలుగు గంటలకు వీడియోల మాట్లాడదాం, చీర మగ్గం మీద చూపియ్యి అన్నది. ఆమె మస్తు జోరుగ మాట్లాడుతది. నాకు సగం తెల్వది. మళ్ల ఓకే ఓకే అంటనేమో అని భయమైతాంది."

అరుగు మీది నుంచి అత్త అందుకుంది, రాట్నం ఆపకుండానే. "గీ చీర పోతే ఇగ ఫోను పెట్టెల పెట్టుడే తమ్మీ. నా కొడుకు అన్నడు. సేటుకే ఇద్దాం, గా తలనొప్పి మనకొద్దు అన్నడు. నేను కూడ అన్న."

కోడలు నేల చూసింది. ఆ పిల్ల ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి కండెలు చుట్టడం, నూలు పోయడం, వంట. ఫోను పట్టుకున్నాకే తన మాటకు ఇంట్లో ఒక స్థానం వచ్చింది. ఏ రంగు నేయాలో మొగుడు కూడా ఆమెను అడిగేవాడు. ఇది నా భార్య నాకు చెప్పిన సంగతి. ఇప్పుడు పోయేది చీర ఒక్కటే కాదు.

"నువ్వు మా ఇంట్లకు రావాలె మామా ఆదివారం," అంది కోడలు. "పక్కన కూసొని, ఆమె ఏమంటాందో నాకు చెప్తే సాలు."

"నిద్ర కాలేదు గద బిడ్డా. గడప తొక్కొద్దు. ఫోను ఇటు తీసుకరా."

"మగ్గం ఎట్ల తెస్త మామా?"

పట్టింపు వదిలేసి రానా అని మాట వరకు అన్నాను. పెద్దామె రాట్నం ఆపింది. "నీకు పట్టింపు లేకపోతే నీ ఇష్టం తమ్మీ. మా మగ్గానికున్నది."

కాబట్టి క్లాసు బాటకు అటూ ఇటూ నడిచింది. నేను నా అరుగు మీద, ఆ పిల్ల తన అరుగు మీద. నడుమ సైకిళ్లు, ఆటోలు, కూరగాయల బండి. నేను బెంగుళూరామె వేషంలో, ఆ పిల్ల తనలాగే. సిగ్గుపడే వీలు లేకుండా పోయింది, ఎందుకంటే మెల్లగా అంటే అవతలి అరుగు దాకా వినిపించదు. ముప్పై ఏళ్లు పద్యాలు వల్లె వేయించిన గొంతుతో నేను ఇంగ్లీషులో అరిచాను, నా చీర ఎప్పుడొస్తుంది అని. వాడంతా బయటికి వచ్చింది.

"డెలివరీ పుట్టాఫ్ మేడమ్!" అని ఆ పిల్ల అరిచింది.

"మేడమ్ ఎవరే? సార్ అను, మీసాలున్నయి," అని పక్కింటామె.

కూరగాయలమ్మే ఆమె తన బండి ఆపి చూసింది. "ఏమైంది, కొట్లాటనా?"

"కొట్లాట గాదు. ఇంగ్లీషు."

రెండో రోజుకు ఆ మాట వాడ మాట అయింది. నీళ్ల పంపు దగ్గర ఒకామె ఇంకొకామెతో, "బిందె నింపుడు జర పుట్టాఫ్ చెయ్యి, ముందుగాల నాది పట్టుకుంట" అంటుంటే విన్నాను. మగ్గం మీది నుంచి ఎదురింటి అబ్బాయి అరిచాడు, "అవ్వా, బువ్వ పుట్టాఫా ఇయ్యాల?" అని. పెద్దామె వినీ విననట్టు రాట్నం తిప్పింది. ఎడమ వైపు గళ్లో రాయాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని నాకు అనిపించింది. రాయడానికి లేవలేదు.

శుక్రవారం సాయంత్రం ఆఖరి వల్లె. ఆ పిల్ల వాక్యాలన్నీ బాగా చెప్పింది. ఎదురు ప్రశ్న వేస్తే మాత్రం తడబడుతోంది. నేను కొత్త ప్రశ్న అడగగానే "ఓకే మేడమ్" అని వచ్చేస్తోంది. మూడోసారి అలా అనేసరికి అరుగు మీద కూలబడింది.

"నువ్వు లేకపోతే నాతోని కాదు మామా. మల్ల ఓకే అంట. నాకు తెలుసు."

"నిద్ర కానిది ఎట్ల బిడ్డా..."

పెద్దామె చేతిలోని కండె గంపలో వేసింది. "నిద్ర నిద్ర అంటున్నవ్. నిద్ర ఎవలాపిన్రు తమ్మీ? నీ బామ్మర్ది ఆపిండా? మేమాపినమా? పొద్దు లేస్తే నువ్వే గద పుట్టాఫ్ చేస్తున్నవ్!"

బాట మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు. పోపు వేస్తున్న పక్కింటామె గరిట పట్టుకునే బయటికొచ్చి, ఏమన్నదని అడిగి తెలుసుకుని మరీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నా భార్య పోయిన తర్వాత అదే మొదలు. నవ్వు ఆగాక, పెద్దామె గొంతు తగ్గించి, "పోయి రా. ఒక్క రాత్రి. గా పిల్ల ఏమన్న బంగారం అడిగిందా?" అంది.

లోపలికి వెళ్లి బామ్మర్దికి ఫోను చేశాను.

"రేపొస్తున్న."

"నిజంగనా బావా? తబియత్ మంచిగైందా?"

"అయింది. ఎల్లుండి నాలుగు గంటలకు మాత్రం నేను వాడల ఉండాలె."

"ఏమున్నది?"

"ఇంగ్లీషు," అన్నాను.

అతను అక్క మీద బెంగతో నాకేదో అయిందనుకుని ఉంటాడు. "సరే బావా," అన్నాడు చాలా మెల్లగా.

శనివారం ఆలేరులో రైలెక్కి, హైదరాబాదులో బస్సు పట్టుకుని, మహబూబ్‌నగర్ మీదుగా ఆత్మకూర్ చేరేసరికి పొద్దు వాలింది. ఆ దారి మాకు కొత్తది కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు ఇద్దరం పోయేవాళ్లం. కిటికీ సీటు ఎప్పుడూ ఆమెదే. ఈసారి నేను అక్కడ కూర్చున్నాను. ఎర్ర నేల, గుండ్లు, ఆముదం చేన్లు, ఆ తర్వాత కాలువ నీళ్లు వచ్చిన చోట వరి. ఇన్నేళ్లూ ఆమె ఇవన్నీ చూస్తూ పోయిందా అనుకున్నాను. నేను ఎప్పుడూ పుస్తకంలో ఉండేవాణ్ణి.

బామ్మర్ది వాళ్లు వేడినీళ్లు పెట్టారు, కొత్త తువ్వాల ఇచ్చారు, పప్పు అన్నం పెట్టారు. ఎవరూ ఏడవలేదు. అతని భార్య మాత్రం వడ్డిస్తూ, "వదిన వస్తే గీ పీట మీదనే కూసుంటుండె" అని పీట నా వైపు జరిపింది. పడుకున్నాను. నిద్ర పట్టదనుకున్నాను, పట్టింది. దాని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. పొద్దున్నే లేచేసరికి బామ్మర్ది బండి తీసి సిద్ధంగా ఉన్నాడు.

"ఒక్క పూట ఉండవా బావా?"

"ఉండలేను."

"ఇంగ్లీషా?"

"ఇంగ్లీషే."

బస్టాండు దాకా పోతుంటే జరిగిందంతా చెప్పాను. అతను బండి నడుపుతూనే వెనక్కి తిరగబోయి, "మరి గీ ముచ్చట ఫోన్ల చెప్పొద్దా? రాత్రంత ఫికర్ చేసిన" అని తిట్టాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "అక్క క్లాసు ఆగొద్దు బావా" అన్నాడు. నేను తలూపాను. అది మాట ఇవ్వడం కాదు, బస్సు కదిలిందని ఊపాను.

బస్సు దారిలో ఒకచోట చాలాసేపు ఆగింది. సికింద్రాబాదులో రైలు తప్పిపోయి తర్వాతది పట్టుకున్నాను. ఆలేరులో ఆటో దిగి వాడలోకి వచ్చేసరికి నాలుగు కావస్తోంది. ఎదురింటి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. మంచి చీర కట్టుకుంది. చేతిలో ఫోను.

నేను నేరుగా వాళ్ల ఇంటి వైపు నడిచాను. పెద్దామె అరుగు మీద చేతులు అడ్డం పెట్టింది.

"ఆగాగు! నిద్ర చేసొచ్చినోడు ముందుగాల సొంత ఇంట్లకు పోవాలె. కాళ్లు కడుక్కొని దీపం పెట్టి రా!"

అప్పుడే ఫోను మోగింది.

"అత్తమ్మా!" అని కోడలు.

"మోగనీ! దీపం పెట్టినంక ఎత్తు!"

తాళం తీశాను. కాళ్లు కడిగాను. దేవుని గూటిలో దీపం వెలిగించాను. వారాలుగా ఆ గూటి వైపు చూడలేదు, వత్తి ఎక్కడుందో కూడా వెతకాల్సి వచ్చింది. అవతల ఫోను ఆగి మళ్లీ మోగుతోంది. బోర్డు పక్క నుంచి బయటికి వచ్చి, బాట దాటి, ఎదురింటి గడప లోపల కాలు పెట్టేసరికి ఆ పిల్ల ఫోను ఎత్తేసింది.

మగ్గం గుంటలో ఆమె భర్త కాళ్లు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు, ఫొటో తీస్తున్నట్టు. ఫోనులో కళ్లద్దాల అమ్మాయి. నేను పక్కన పీట మీద కూర్చున్నాను. చీర చూపించమని ఆమె అడిగింది. కోడలు ఫోను తిప్పి నేసిన మేర అంతా చూపించింది. ముదురు ఎరుపు మీద తెల్ల చతురస్రాలు. బాగుంది, చాలా బాగుందని అటు నుంచి వినిపించింది. తర్వాత ఆమె గబగబా ఏదో అడిగింది, చివర్లో తారీఖు.

కోడలు ఫోను తన వైపు తిప్పుకుంది. "మేడమ్, డెలివరీ పుట్టాఫ్ మేడమ్."

"వాట్? క్యాన్సిల్డ్?"

మగ్గం మీద అబ్బాయికి కూడా ఆ మాట తెలుసు. తల దించుకున్నాడు. కోడలు నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపల మళ్లీ ఫోను వైపు తిరిగింది.

"నో మేడమ్. నాట్ క్యాన్సిల్. పుట్టాఫ్. పోస్ట్‌పోన్. డిలే." ఫోను మళ్లీ మగ్గం వైపు తిప్పింది. "శారీ కమింగ్ మేడమ్. దట్ డే నాట్ కమింగ్."

బోర్డు మీది కుడి వైపు గడి అంతా చదివేసినట్టు చెప్పింది, కోర్టు మాట ఒక్కటి వదిలేసి. అటు నుంచి ఆ అమ్మాయి నవ్వలేదు, కోప్పడలేదు. ఎందుకని అడిగింది. చెప్పిన తారీఖుకు వస్తుందా అంటే అప్పుడు ఓకే అన్నావు కదా అంది.

ఈ ప్రశ్న మేం వల్లె వేయలేదు. ఆరోగ్యం బాగాలేదని చెప్పు అని నేను గొణిగాను. ఆ పిల్ల వినలేదు.

"మై టీచర్ డైడ్ మేడమ్. దిస్ స్ట్రీట్ ఆల్ మగ్గం స్టాప్."

నేను మగ్గం మీది ఎర్ర పోగుల్ని చూస్తూ కూర్చున్నాను.

"యువర్ టీచర్?"

"ఎస్ మేడమ్. ఇంగ్లిష్ టీచర్."

ఆ తర్వాత బెంగుళూరామె చాలాసేపు మాట్లాడింది. జోరుగా, అర్థమయ్యీ కాకుండా. ఇక్కడ నేను పనికొచ్చాను. ఒక్కో ముక్కా ఆ పిల్లకు తెలుగులో చెప్పాను. నిశ్చితార్థానికి ఇంట్లో ఉన్న చీర కట్టుకుంటుందట. ఇది పెళ్లిలో ఒక పూటకు ఉంచుకుంటుందట. కానీ ఇకపై తారీఖు విషయంలో ఓకే అనే ముందు ఆలోచించి చెప్పాలట. వారం వారం ఎంత నేసిందీ ఫొటో పంపాలట. చీర దిగాక కొరియరు మనిషి ఇంటికే వచ్చి పికప్ చేసుకుంటాడట.

"ఓకే మేడమ్," అంది కోడలు. ఈసారి ఆలోచించే అంది.

ఫోను పెట్టేసింది. ఆమె భర్త అడ్డపోగు నడిపే నాడె చేతిలోకి తీసుకున్నాడు. "ఈ వారం ఒక జానెడు, వచ్చే వారం ఒక జానెడు ఫొటోలనా? మగ్గమా, పెండ్లి పిల్లనా?" అని గొణుగుతూ నేయడం మొదలుపెట్టాడు. ఫోను పెట్టెలో పెట్టమని అనలేదు. పెద్దామె నాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. నా భార్య పోయాక వాడలో ఇంకొకరి ఇంట్లో తాగిన మొదటి చాయ్ అది. చక్కెర ఎక్కువైంది. తాగాను.

"టీచరు బతికుంటే ఇయ్యాల మస్తు నవ్వేది," అంది పెద్దామె. కొంగుతో కళ్లు తుడుచుకుని, వెంటనే కోడలి మీదికి మళ్లింది. "దట్ డే, దిస్ డే! గదేం ఇంగ్లీషే? నాకు కూడ రాదా?"

గురువారం మధ్యాహ్నం నేను పిలవకుండానే వాళ్లు వచ్చారు. ఎప్పుడూ వచ్చే ఆడవాళ్లే, వాళ్లతో పాటు ఈసారి పెద్దామె కూడా. బోర్డు ముందు కింద కూర్చున్నారు. నాకు చెప్పడం రాదని చెప్పాను. చెప్పేదేముంది, అడుగు సాలు అన్నారు. నేను లోపలి గదికి కాకుండా బోర్డు పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఒక్కొక్కరూ బాకీ ఉన్న వాక్యాలు చెప్పారు. ఒకామె బీరువా తలుపు బాగు చేయించడం పుట్టాఫ్ చేసిందట. ఒకామె పన్ను పీకించుకోవడం. ఎదురింటి కోడలు చెప్పింది చీర గురించి, అందరికీ తెలిసిందే, అయినా చప్పట్లు కొట్టారు. పెద్దామె తెలుగులో చెప్పి, నడుమ ఆ ఒక్క మాట పెట్టింది. అదీ చెల్లింది.

"ఇగ నీది, మామా."

"ఆయనది బాకీ" అనే మనిషి లేదు. లేచాను. సుద్దముక్క తీసుకుని, కింది పెచ్చు మూల వదిలేసి, ఆమె అక్షరాల కింద ఇంగ్లీషులో ఒక వాక్యం రాశాను. తర్వాత పైకి చదివాను. నిద్రకు పోవడం నేను పుట్టాఫ్ చేశాను, శనివారం పోయి వచ్చాను అని దాని అర్థం. ఎవరూ నవ్వలేదు. పెద్దామె అడిగి అర్థం చెప్పించుకుంది.

"గంతే? గిది నేను మొన్ననే చెప్పలేదా?" అంది.

అందరివీ అయ్యాయి. తడి గుడ్డ కోడలి చేతిలో ఉంది. నా వైపు చూసి ఆగింది. ఆ నియమం నా కన్నా ఆ పిల్లకు బాగా తెలుసు. తలూపాను. ఈసారి అడిగినదానికి జవాబుగానే ఊపాను. ఆమె పై నుంచి కిందికి, ఎడమ గడి, నడిమి మాట, కుడి గడి, నా వాక్యం, అన్నీ తుడిచింది. బోర్డు తడిగా నల్లగా ఉంది. ఆరేదాకా ఆగాం.

"పికప్," అంది కోడలు. "కొరియరోడు వచ్చి చేస్తడంట గద. అది రాయి మామా."

నడుమ రాశాను. తర్వాత ఏం అడగాలో నాకు తెలుసు, ఇన్నేళ్లుగా గోడ వెనక నుంచి విన్నదే.

"మన దిక్కు దీన్ని ఏమంటరు?"

"తీస్కపోవుడు."

"ఎత్తుకొచ్చుడు."

"కింద పడ్డది ఏరుకునుడు," అంది పెద్దామె. "ఇంక శానున్నయి. రాసుకో తమ్మీ, జల్ది."